తెల్ల చుక్కల నైలెక్సు

చీపురుపల్లి,
జనవరి నెల

తమ్ముడు ఎజ్రాకు,

మీ అక్క ఎలీసమ్మ చెబుతుంటే పక్కింటి రాణి రాస్తున్న ఉత్తరం ఇది. రాణిది ఎండుచేపల వ్యాపారమే అయినా పదో తరగతి పాసైన మనిషి, చేతిరాత గుండ్రంగా ఉంటుంది. నా మాటల్ని బడి తెలుగులోకి దిద్దుకో, తిట్లు మాత్రం దిద్దకు అని ముందే చెప్పాను. ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనైతే నువ్వు మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరం అలా కాదు. బడిపంతులుగా బతికినవాడివి, రాసి ఉన్నదాన్ని సగంలో వదిలేయడం నీ చేత కాదు.

విషయం రూబీ గురించి. నా మనవరాలు నిన్న కొత్తవలస నుంచి పాసింజరు దిగి ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, ఎవరితో మాట్లాడకుండా కుట్టుమిషను ముందు కూర్చుంది. మిషన్లో గుడ్డ లేదు. ఊరికే తొక్కుతోంది.

"ఏటైందే గుంటా" అన్నాను.

"తాతయ్య గది ఇవ్వనన్నాడు మామ్మా" అంది.

మీ సంఘం మందిరం గోడకి రోడ్డు వైపు ఒక గది ఉంది కదా, ఒకప్పుడు పుస్తకాలు అమ్మేవారు, ఇప్పుడు తాళం తుప్పు పట్టి ఉంది. దాన్ని అద్దెకిస్తాం, దరఖాస్తు పెట్టుకోండి అని బోర్డు కట్టింది మీరే. సంఘ కమిటీకి పెద్దవి నువ్వే. పిల్ల దరఖాస్తు పెట్టింది. కుట్టిన బట్టలు మచ్చుకు తెచ్చి చూపించమన్నారు, తెచ్చింది. సంచి విప్పి, అన్నిటికంటే పైనున్న గౌను తీసి బల్ల మీద పరిచిందో లేదో నువ్వు లేచి నిలబడ్డావట. "మందిరం గోడకి పాత బట్టల దుకాణమా" అన్నావట. అంతే, బయటికి వెళ్లిపోయావట. మిగతా పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తెప్పించుకున్న టీ తాగి, లేచిపోయారట. పిల్లని టీ తాగమని కూడా అనలేదు. ఈ టీ సంగతి నేను మర్చిపోను.

ఆ పిల్ల ఏం చేస్తుందో నీకు సరిగ్గా తెలీదు, అందుకని చెబుతాను. మా వైపు సూరయ్య అని ఒకడు స్టీలు సామాన్ల గంప పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు. పాత చీరలూ పాంట్లూ వేస్తే గిన్నో పళ్లెమో ఇస్తాడు. ఆ బట్టలు గోడౌనుకి పోయి, ముక్కలై, లారీలు తుడిచే గుడ్డలవుతాయి. అక్కడికి పోకముందే మా గుంట సూరయ్య మూట విప్పించి నేల మీద కూర్చుంటుంది. బుట్ట చేతుల జాకెట్లు, చెవుల దాకా కాలరున్న టెర్లిను చొక్కాలు, కింద ఏనుగు కాళ్లలా ఉండే బెల్‌బాటాలు, వాయిలు చీరలు. ఒక బొత్తాం పట్టుకుని "మామ్మా, ఇది మా నాన్న పుట్టక ముందుది, సూడు ఎలగ మెరుస్తన్నాదో" అంటుంది. ఇంట్లో అన్నం మాడినా దానికి వాసన రాదు, పాత బట్ట వాసన మాత్రం వీధి చివర నుంచి పట్టేస్తుంది.

వాటిని సోడాలో ఉడకబెట్టి, ఎండేసి, కుట్లు విప్పి, మళ్లీ కుడుతుంది. రెట్రో అంటుంది. వింటేజి అంటుంది. నాకు ఆ మాటలు పలకడం వచ్చింది, నీకూ వస్తుంది. కాలేజీ పిల్లలు ఫోన్లో ఫొటో చూసి కొంటున్నారు. షోరూముకి వెళ్లి ధర చూసి తిరిగొచ్చేసే పిల్ల, మా గుంట దగ్గర ఒకటి కొనుక్కుని అద్దం ముందు ఓ చుట్టు తిరుగుతుంది. దీంట్లో తప్పేమిటి?

పాత బట్టంటే నీకు రోత ఎప్పటినుంచి? మన చిన్నప్పుడు మిషనరీల కాంపౌండులో డిసెంబరులో దొరసాని పాత బట్టల పెట్టె విప్పితే అందరికంటే ముందు చేతులు చాచింది నువ్వు. ఎవరో దొర విడిచిన కోటు నీ మోకాళ్ల కిందకి వచ్చేది. దాన్ని మే నెల ఎండలో కూడా విప్పలేదు. ఉతకాలంటే నిద్రపోతున్నప్పుడు లాగేసేదాన్ని.

గది ఇవ్వు. ఇవ్వకపోతే ఎందుకివ్వవో సరైన కారణం చెప్పు.

మీ అక్క
ఎలీసమ్మ, వేలిముద్ర


కొత్తవలస,
ఫిబ్రవరి మొదటి వారం

అక్కకు ఎజ్రా వందనాలు.

నీ ఉత్తరం చేరింది. చివరి దాకా చదివాను. ఆ రోజు నేను లేచి వెళ్లింది రక్తపోటు వల్ల, దానికి వేరే అర్థం తీయవద్దు.

గది విషయం నా ఒక్కడి నిర్ణయం కాదు. ఈశ్వర్ అనే అబ్బాయి జిరాక్సు, ఆన్‌లైను పనుల కోసం దరఖాస్తు పెట్టాడు. అది పదిమందికి ఉపయోగపడే పని. పాత బట్టల సంగతి వేరు. ఎవరు విడిచినవో, ఏ రోగంతో పోయినవాళ్లవో తెలియదు. అలాంటివి మందిరం గోడకి వేలాడుతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? మన సంఘం ఇప్పుడు పాత రోజుల్లో లేదు. స్త్రీల సమాజం వారు, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకి మెరిసిపోయే స్టీలు కంచాలు కానుకగా ఇచ్చారు. ఒకప్పుడు విస్తరాకుల్లో తిన్న సంఘం ఇది. ముందుకు పోతున్నవాళ్లని నువ్వు వెనక్కి లాగుతున్నావు.

నీకు చదువు లేకపోవడం వల్ల కొన్ని విషయాలు అర్థం కావు అక్కా. అది నీ తప్పు కాదు. పరిశుభ్రత, సంఘం పేరు, పదిమందిలో మర్యాద, ఇవన్నీ ఆలోచించాల్సిన స్థానంలో నేనున్నాను. రూబీ తెలివైన పిల్ల. విశాఖలో తెలిసినవాళ్ల బట్టల షోరూము ఉంది. కొత్త బట్టలే అమ్ముకోవచ్చు. సరేనంటే మాట్లాడతాను.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ తమ్ముడు
ఎజ్రా


చీపురుపల్లి,
ఫిబ్రవరి నెలాఖరు

ఎజ్రాకు,

నాకు చదువు లేదన్న ముక్క దగ్గర రాణి ఆగిపోయింది. "ఇది సదవమంటావా పెద్దమ్మా" అంది. చదవమన్నాను. నాకు సిగ్గేమీ లేదు. అక్షరాలు రానంత మాత్రాన కళ్లు కనపడవని కాదు.

నువ్వు కట్టే పొందూరు ఖద్దరు పంచె మన తాత నాటి నేత. దాన్ని నువ్వు కడితే మర్యాద. తాత నాటి పువ్వుల గుడ్డ నా మనవరాలు కడితే రోగం. ఇది ఏ కాలేజీలో చెప్పిన చదువు?

నీ షోరూము ఉద్యోగం గురించి రూబీకి చెప్పాను. "ఆ షాపులో బొమ్మలకి తొడిగిందే మనుషులకీ తొడుగుతారు మామ్మా, పదిమంది ఒకేలాగ నడిసొస్తారు, నాకొద్దు" అంది. నీకు చెప్పమన్న మాట ఇంతే. నేను ఇంకొంచెం కలుపుదామనుకున్నాను, రాణి వద్దంది.

ఇంకో సంగతి నీ చెవిన పడే ఉంటుంది. శనివారాలు రూబీ కొత్తవలస స్టేషను రోడ్డు మీద గొడుగు పాతి, తాడు కట్టి, గౌన్లు వేలాడదీసి అమ్ముతోంది. మీ మందిరానికి నాలుగు అడుగుల అవతల. ఆటోవాళ్లు జరగమంటే జరుగుతుంది, వాళ్లు వెళ్లాక మళ్లీ అక్కడికే వస్తుంది. పోయిన శనివారం మీ కమిటీ పెద్ద ఒకాయన భార్య కూరలకి వెళ్తూ ఆగి, "శవాల బట్టలు అమ్ముకుంటన్నావేటే, నీకు భయం నేదా" అందట. రూబీ ఏమందో తెలుసా? "అత్తా, మీ ఇంట్లో మంచం మీ మావగారిదే కదా, ఆయన దాని మీదే పోయారు కదా, మీరు కింద పడుకుంటన్నారేటి" అందట. చుట్టుపక్కల ఆటోవాళ్లు నవ్వారట. ఆవిడ కూరలు కొనకుండా ఇంటికెళ్లిపోయిందట.

ఎండలో నిలబడి పిల్ల ముఖం కమిలిపోయింది. బట్టలు దుమ్ము కొట్టుకుపోతున్నాయి, వచ్చాక మళ్లీ ఉతకాలి. వానాకాలం వస్తే గొడుగు కింద అది ఉండాలా, బట్టలుండాలా? ఆ గది లేకపోతే ఈ పని ఆగిపోతుంది, తనకి తెలుసు, పైకి చెప్పదు. పని ఆగితే వాళ్ల నాన్న ఏసురాజు విశాఖ తీసుకుపోయి ఏదో ఒక కౌంటరు వెనక నిలబెడతాడు. వాడు ఇప్పటికే రెండుసార్లు ఫోను చేశాడు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నీకు రక్తపోటు ఉన్నమాట నిజమే. అయితే ఆ రోజు సంచి విప్పేవరకు లేని రక్తపోటు గౌను పరిచాక ఎందుకొచ్చింది? ముదురాకుపచ్చ మీద తెల్ల చుక్కల గౌను అది, బుట్ట చేతులు, నడుం దగ్గర బెల్టు. దాన్ని చూసి నీ చెయ్యి బల్ల అంచుని పట్టుకుందట. పిల్ల చూసింది. దానికి నీ మాట కంటే ఆ చెయ్యి ఎక్కువ గుర్తుంది.

ఏం చూశావు? రాయి.

ఎలీసమ్మ


కొత్తవలస,
మార్చి రెండో వారం

అక్కా,

నువ్వు అడిగావు కనుక రాస్తున్నాను. రాయకుండా ఉంటే బాగుండేది.

ఆ గౌను నా భార్య చీర.

గ్లోరీకి మా పెళ్లైన కొత్తలో నేను విజయనగరంలో కొన్న నైలెక్సు చీర అది. ఆ ఆకుపచ్చ ఇంకెక్కడా చూడలేదు. ఆ చుక్కలు వరసగా ఉండవు, ఒక్కో చోట రెండు దగ్గరగా వస్తాయి. బల్ల మీద పరిచిన క్షణంలో గుర్తుపట్టాను. ఆమె పోయి ఏడాదిన్నర కాలేదు. ఆమె చీరని చింపి, ముక్కలు చేసి, చేతులు పెట్టి, అమ్మకానికి తెచ్చి నా ముందు పరిచారు. నేను కూర్చుని టీ తాగాలా?

ఇంటికొచ్చి గ్లోరీ పెట్టె తీశాను. మంచం కింద తాళం వేసి ఉన్న పెట్టె. ఆమె పోయాక నేను దాన్ని ముట్టుకోలేదు. లోపల తెల్ల చీరలు ఉన్నాయి, నాఫ్తలీను ఉండలు ఉన్నాయి. రంగు చీర ఒక్కటి లేదు. కోడల్ని అడిగాను, తనకి తెలియదంది. మా అబ్బాయి రాబర్టుని అడిగాను, వాడికీ తెలియదు.

గ్లోరీ భూస్థాపనకి వచ్చినప్పుడు రూబీ మా ఇంట్లో వారం పైన ఉంది. ఆ గదిలోనే పడుకుంది. ఆ పిల్లకి పాత బట్టలంటే పిచ్చి అని నువ్వే రాశావు.

నేను ఇంతకు మించి రాయను. కమిటీలో ఎవరికీ చెప్పలేదు. ఆ గౌను నాకు పంపించేయండి, స్టేషను రోడ్డు మీద దుకాణం ఎత్తేయండి, ఈ మాట నా దగ్గరే ఆగిపోతుంది. లేకపోతే పదిమందిలో అడగాల్సి వస్తుంది.

ఎజ్రా


చీపురుపల్లి,
మార్చి నెల, నీ ఉత్తరం వచ్చిన రోజే

ఎజ్రా,

నా మనవరాలిని దొంగ అన్నావు. ఆ మాట రాయకుండా చుట్టూ తిప్పి రాశావు, అది ఇంకా నీచం. ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు. గ్లోరీకి ఒక మాట ఇచ్చాను, నీ వల్ల ఈ రోజు ఆ మాట తప్పుతున్నాను. అది నన్ను క్షమిస్తుంది. నీ సంగతి నాకు తెలీదు.

ఆ చీర ఎవరూ దొంగిలించలేదు. గ్లోరీయే ఇచ్చింది.

ఆమె పోకముందు సంవత్సరం నేను మీ ఇంటికొచ్చి వేసవంతా ఉన్నాను, గుర్తుందా? నువ్వు మీటింగులని ఊళ్లు తిరుగుతుండేవాడివి. మీ స్త్రీల సమాజానికి ప్రేమవిందు కంచాలు కావాలి. చందాలడిగితే మీ కమిటీ ముందు కరెంటు బిల్లు అంది. అప్పుడు గ్లోరీ ఉపాయం చెప్పింది, అందరి ఇళ్లలో మూలనున్న పాత బట్టలు తెమ్మంది. సూరయ్యని నేనే మా వైపు నుంచి పిలిపించాను. వాడు వచ్చినప్పుడల్లా మీ వెనక వరండాలో మూటలు విప్పేవాళ్లం, కంచాలు లెక్కపెట్టి లోపల దాచేవాళ్లం. నీ కమిటీ పెద్దల ఇళ్లలో ఆడవాళ్లంతా వేశారు. శవాల బట్టలన్న ఆ మహాతల్లి తన అత్తగారి చీరలన్నీ తెచ్చి ఇచ్చింది, చచ్చిపోయిన అత్తగారివి. మీరు మెరిసిపోయే కంచాల్లో తింటున్నారన్నావే, అవి అక్కడివి. ముందుకు పోవడమంటే అదే.

గ్లోరీ తన పెట్టె కూడా తెరిచింది. రంగు చీరలన్నీ తీసి ఒళ్లో పెట్టుకుంది. నువ్వు సంఘ పెద్దవైన రోజు నుంచి అవి పెట్టెలోనే ఉన్నాయి. "సంఘ పెద్ద భార్యవి, రంగులు మానుకో" అన్నావట. అప్పటికి దానికి ముప్పై ఏళ్లు నిండాయో లేదో. నీతో ఎదురు చెప్పలేదు, నాతో చెప్పింది. "వదినా, నాకు ఆ తెల్ల సీరల్లో నేను కనపడను" అంది.

సూరయ్య ఆ నైలెక్సుని చూసి మూతి తిప్పాడు. "అమ్మగోరూ, ఈటిని ఇప్పుడు ఎవులు కడతారు, రెండు కంచాలిస్తాను."

గ్లోరీ ఊరుకోలేదు. "ఒరే సూరయ్యా, ఇది ముడత పడదు, రంగు పోదు, ఇస్త్రీ అడగదు. ముందు నీ స్టీలే తుప్పట్టిపోతాది. నాలుగు ఇయ్యి."

నాలుగు ఇచ్చాడు. ఇచ్చాక గ్లోరీ ఆ చుక్కల చీర విడిగా తీసి వాడి చేతిలో పెట్టింది. "దీన్ని గోడౌనుకి ఎయ్యకు. సీపురుపల్లిలో మా వదిన మనవరాలు రూబీకి సూపించు. నాదని సెప్పకు, సెప్తే మొకమాటపడి కత్తెర ఎయ్యదు. అది కత్తెరేస్తేనే ఇది మళ్లీ బయటికొస్తాది." నా వైపు తిరిగి, "ఆయనకి సెప్పకు వదినా, పెట్టె నిండుగా ఉన్నాదనుకోనీ" అంది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. రూబీ మీ కమిటీకి బయలుదేరిన రోజు సంచి సర్దుతుంటే, ఆ గౌను అన్నిటికంటే పైన పెట్టమన్నది నేను. తెలిసే చెప్పాను. గ్లోరీ పోయాక నువ్వు దాని పేరెత్తడం మానేశావు, ఫొటో గోడ మీంచి తీసి బీరువాలో పెట్టావు. నీకు అది కనపడాలి అనుకున్నాను, కనపడింది. కనపడ్డాక నువ్వు చేసిన పని పిల్ల మీద పడటం. అది నేను అనుకోలేదు.

నీ ఉత్తరం రాణి చదివేటప్పుడు రూబీ గుమ్మంలోనే ఉంది. అంతా విన్నది. నిజం చెప్పాను. గౌను తీసుకుని లోపలికి పోయింది, వచ్చి నా మీద పడింది. "నాకెందుకు సెప్పనేదు మామ్మా? నేనేటి నీ ఉత్తరమా, నన్ను పంపించి తాతయ్యకి సెప్పించడానికి?" అంది. అప్పటినుంచి మాట్లాడటం లేదు. మధ్యాహ్నం అన్నం పెట్టింది, కంచం గట్టిగా పెట్టింది. పడతాను. నేను చేసినదాన్ని నేను పడతాను. నువ్వు చేసినదాన్ని నువ్వు చూసుకో.

పదిమందిలో అడుగుతానన్నావు. అడుగు. నేనూ వస్తాను. సూరయ్యని తీసుకొస్తాను, వాడు ఏ ఇంటి చీరకి ఎన్ని కంచాలిచ్చాడో వరసగా చెబుతాడు.

ఎలీసమ్మ


కొత్తవలస,
ఏప్రిల్ నెల

అక్కా,

ఈస్టరు ప్రేమవిందు అయ్యింది. కంచం ముందు కూర్చున్నాను. చాలాసేపు అన్నం కలపలేదు. రాబర్టు "నాన్నా, వంట్లో బాగానేదా" అన్నాడు. బాగానే ఉందన్నాను.

స్త్రీల సమాజం సెక్రటరీని పిలిచి అడిగాను. తల వంచుకుని ఒప్పుకుంది. సూరయ్యని తీసుకురావద్దు, అవసరం లేదు.

రూబీ గురించి రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొన్న కమిటీ కూర్చుంది. కంచాలు ఎలా వచ్చాయో చెప్పి, పాత బట్టలకి అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చే విందుకి ఇంటి నుంచి విస్తరాకు తెచ్చుకోవాలన్నాను. ఇద్దరు లేచి వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు సంతకం పెట్టారు. ఈశ్వర్‌కి స్టేషను ఎదురుగా వేరే చోటు దొరికింది. గది రూబీకే.

తాళంచెవి నా దగ్గర ఉంది. వచ్చి తీసుకోమను. వచ్చేటప్పుడు ఆ గౌను తెచ్చి ఇవ్వమను. గౌను ఇస్తే తాళంచెవి ఇస్తాను. ఇంతకంటే నేనేమీ అడగడం లేదు.

ఎజ్రా


చీపురుపల్లి,
ఏప్రిల్ నెల

ఎజ్రాకు,

సూరయ్య దగ్గర బేరం నేర్చుకున్నావన్నమాట. గౌను ఇస్తే చెవి, చెవి ఇస్తే గౌను.

రూబీకి చదివించాను. ఇప్పుడు మాట్లాడుతోంది, అందుకు నీకు కృతజ్ఞతలు, నీ మీద కోపం వచ్చాక నా మీద కోపం తగ్గింది. దాని జవాబు ఇది. గౌను ఇవ్వదు. గది ఇవ్వకపోతే స్టేషను రోడ్డు ఎవరి సొంతమూ కాదు. వానాకాలానికి తార్పాలిను చూసుకుంటుంది. వాళ్ల నాన్నకి కూడా ఫోను చేసి విశాఖ రానని చెప్పేసింది.

నేను కొంచెం మెత్తబడ్డాను, నిజం చెబుతున్నాను. ఒక్క గౌనే కదా, వాడికిచ్చి గది తెచ్చుకో అన్నాను. నా వైపు ఎలా చూసిందనుకున్నావు. "నువ్వేనా మామ్మా ఈ మాట" అంది.

గురువారం నీ దగ్గరికి వస్తానంది. దేనికో నాకు చెప్పలేదు.

ఎలీసమ్మ


కొత్తవలస,
మే నెల

అక్కా,

రూబీ వచ్చింది. ఆ గౌను వేసుకుని వచ్చింది.

వరండాలో కూర్చుని ఉన్నాను. గేటు తీసుకుని లోపలికొస్తుంటే ఎండలో ఆ ఆకుపచ్చ కనపడింది. నేను లేవలేదు. లేవలేకపోయాను అని రాయడం సరైనది.

"ఏటి తాతయ్యా, అలగ సూస్తన్నావు. సేతులు ఎక్కువ ఉబ్బినాయా?" అంది.

"అది గ్లోరీది" అన్నాను.

"గ్లోరీ మామ్మదే. నేను కుట్టేక నాది. రేపు ఎవులు కొంటే ఆలది."

"ధర చెప్పు, నేనే కొంటాను" అన్నాను.

"నువ్వు ఏసుకుంటావేటి?" అంది.

ఆ పిల్ల నవ్వలేదు, నిజంగానే అడుగుతున్నట్టు నిలబడింది. "ఏసుకునే మనిషికే అమ్ముతాను తాతయ్యా. దాసుకునే మనిషికి అమ్మను. నువ్వు కొంటే ఏటి సేస్తావు, మళ్లీ మంచం కిందే కదా" అంది. తర్వాత బెల్టు సర్దుకుంటూ, "బెల్‌బాటం ఒకటున్నాది, నీ కొలతే, కావాలంటే ఇస్తాను" అంది.

లోపల నుంచి కోడలు గరిటెతో సహా బయటికొచ్చింది, ఇంట్లో ఎవరు నవ్వుతున్నారా అని. నేనే.

తాళంచెవి ఇచ్చాను. తలుపు రాలేదు, కీళ్లు బిగిసిపోయాయి. రాబర్టు కొబ్బరినూనె పోసి, భుజంతో నెట్టి తెరిచాడు. పిల్ల లోపలికి వెళ్లి గోడలు తట్టి చూసి, "సున్నం నేనే ఏసుకుంటాను, రంగు మాత్రం నన్ను అడక్కండి" అంది. గులాబీ రంగు వేసింది. కమిటీలో మిగిలినవాళ్లు నన్ను చూస్తున్నారు.

ఆదివారాలు మూసి ఉంచాలని చెప్పాను, ఒప్పుకుంది. ఇప్పుడు గౌను కిటికీలో వేలాడుతోంది. మందిరానికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ చూస్తున్నాను. అక్కా, ఇది షరతు కాదు. అడుగుతున్నాను. దాన్ని అక్కడే ఉండనివ్వమని, అమ్మకుండా ఆపమని ఆ పిల్లకి నువ్వు చెప్పగలవా?

నీ తమ్ముడు
ఎజ్రా


చీపురుపల్లి,
జూన్ నెల

తమ్ముడూ,

చెప్పను. చెప్పినా అది వినదు, అయినా నేను చెప్పను. కిటికీ అయితే మాత్రం ఏమిటి, గాజు బిగించిన పెట్టె. నువ్వు రోజూ నిలబడి చూసుకోవడానికి ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెలోకి మార్చమంటున్నావు. నువ్వు అడిగిన తీరు బాగుంది, గట్టిగా కాదనడానికి నాకు ఇబ్బందిగా ఉంది. కాదంటున్నాను.

పైగా నీ ఉత్తరం వచ్చేసరికే అది అమ్ముడైపోయింది. సోమవారం నర్సింగు చదివే పిల్ల ఒకతె వచ్చిందట, అసిరమ్మ అట పేరు, హాస్టలు నుంచి సెలవులకి ఊరికి వెళ్తోంది. తొడుక్కుని చూసి ఇక విప్పలేదట. తన చుడీదారు కాగితంలో చుట్టించుకుని, గౌనుతోనే దుకాణం దిగిందట. రూబీ ఆ పిల్లకి అది ఎవరి చీరో చెప్పలేదు, ఎందుకు చెప్పాలి.

ఆ రోజు నువ్వు కిటికీ ఖాళీగా చూసి ఉంటావు. నాకు తెలుసు. ఈ ఉత్తరం నీకు నొప్పి అని తెలిసే రాయిస్తున్నాను, రాణిని ఒక్క ముక్క కొట్టేయమనను. ఆ కొత్తవలస జంక్షను పక్కన ముప్పై ఏళ్లు కాపురం చేసింది గ్లోరీ. మీ ఇంట్లో గిన్నెలు కదిలేలా రోజూ అరకు మీదుగా పోయే కిరండూలు రైలు వెళ్తుంది. సొరంగాలున్నాయట, కొండలున్నాయట, ఒక్కసారి తీసుకెళ్లమని నిన్ను అడిగిందట. మీటింగులున్నాయన్నావట.

అసిరమ్మ ఊరు అరకు దాటి ఇంకా అవతల. మా గుంట ప్లాట్‌ఫారం దాకా వెళ్లి ఆ కిరండూలు రైలే ఎక్కించి వచ్చింది. జనం బాగా ఉన్నారట, అయినా ఆ పిల్లకి కిటికీ పక్క సీటు దొరికిందట.

మీ అక్క
ఎలీసమ్మ